పికప్ మైలేజీ తగ్గితే డ్రైవర్ బత్తాలో కోయొచ్చా?

మదనపల్లె ఓనర్:
నాకు రెండు పికప్‌లు ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, రెండూ బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండ్లే. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చంతా అటే పోతుంది. మొదటి బండి మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా బాక్సులు వేసుకుని చెన్నై కోయంబేడు వెళ్తుంది, ఖాళీ బాక్సులతో తిరిగొస్తుంది. రెండోది తిరుపతి గోడౌన్‌లో ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులు ఎత్తుకుని పీలేరు, మదనపల్లె చుట్టుపక్కల షాపుల్లో దించుతుంది, తిరుపతికి ఖాళీగా పోతుంది.

మొదటి డ్రైవర్ లీటరుకి 13 తెస్తున్నాడు. రెండో అతను 10 దాటించడం లేదు. టన్నున్నర టమాటా మోసే బండి 13 ఇస్తుంటే, మూడు నాలుగు వందల కిలోల ఖాళీ డబ్బాలు మోసే బండి 10 ఇవ్వడమేంటి? అందుకే 12 ఫిక్స్ చేశాను. దానికి తగ్గితే తేడా డబ్బు బత్తాలో కోస్తానని చెప్పాను. అతను మానేస్తానంటున్నాడు. న్యాయమో కాదో మీరు చెప్పండి. "పాపం డ్రైవరు" అనే మాటలు వద్దు, లెక్కతో రండి.

పీలేరు ట్రాన్స్‌పోర్ట్:
ఇందులో అడగడానికేముంది అన్నా, కోయాల్సిందే. పైపు వేసి డీజిల్ లాగి అమ్ముకునేవాళ్లు ఎంతమంది లేరు? ఫిక్స్ చేయకపోతే ఈ నెల 10, వచ్చే నెల 9. మా దగ్గర అందరికీ ఒకటే మైలేజీ. ఎక్కువ తెచ్చినవాడికి మిగిలిన డీజిల్ డబ్బు ఇస్తాం, తక్కువ తెచ్చినవాడికి కోస్తాం. ఎవరూ గొడవ పెట్టుకోలేదు.

స్టీరింగ్ శీను:
గొడవ పెట్టుకున్నోళ్లు మీ దగ్గర ఉండరు కాబట్టి మీకు కనపడలేదు.

నేను కూడా ట్యాంకుల లోడే తోలతాను, వేరే ఊళ్లో. ఓనర్‌గారు ఒకసారి ఆ బండి పక్క సీట్లో కూర్చుని రావాలి. పొద్దున గోడౌన్ ముందు లైను. ఒక్కో బండి గజం గజం ముందుకు జరగాలి, ఇంజిన్ ఆపడానికి కుదరదు. ఎక్కించాక తాళ్లు బిగించాలి. దారిలో గాలికి ట్యాంకులు ఊగితే ఆపి మళ్లీ బిగించాలి. షాపు ముందు రోడ్డు మీద నిలిపితే వెనక హారన్లు, అందుకని ఇంజిన్ ఆన్‌లో పెట్టే దించుతాం. నా బండికైతే బ్యాటరీ వీకు, ఆపితే తొయ్యాలి. కొత్త బ్యాటరీ అడిగితే "వచ్చే నెల చూద్దాం" అంటారు. ఆ డీజిలంతా నా బత్తాలోంచే పోవాలా?

ఇంకోటి. అసలు ఆ 10 అనే అంకె ఎలా వచ్చింది? ఎవరు కొలిచారు?

మదనపల్లె ఓనర్:
నెల మొత్తం డీజిల్ బిల్లులు, మీటరు రీడింగు. అంతకన్నా ఏం కావాలి? శీనూ, నా బండి బ్యాటరీ కొత్తది.

లెక్కల మాస్టారు:
ఓనర్‌గారు లెక్క అడిగారు కాబట్టి వేద్దాం. అన్నీ ఉజ్జాయింపులే, కానీ ఏది పెద్దదో ఏది చిన్నదో తెలుస్తుంది.

అందరికీ ముందు తట్టేది ఘాట్. మదనపల్లె సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి 160 మీటర్ల దగ్గర. తేడా 540 మీటర్లు. ట్యాంకులతో కలిపి బండి 2.2 టన్నులనుకుంటే, అంత బరువు అంత ఎత్తుకి ఎక్కించడానికి 11.6 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో 36 మెగాజౌళ్లు ఉంటాయి, ఇంజిన్ అందులో మూడో వంతు మాత్రమే చక్రాలకు అందిస్తుంది. అంటే లీటరుకి 12. భాకరాపేట ఘాట్‌తో సహా ఆ ఎక్కుడు మొత్తానికి అయ్యే అదనపు ఖర్చు ఒక లీటరు. అంతే.

టమాటా బండి దీనికి ఉల్టా. లోడుతో దిగుతుంది, ఖాళీగా ఎక్కుతుంది. దిగేటప్పుడు బరువే బండిని కాస్త తోస్తుంది. పైగా చెన్నై దూరం రెట్టింపు కాబట్టి ఎక్కుడు ఖర్చు ఎక్కువ కిలోమీటర్ల మీద పరుచుకుంటుంది. ఇవన్నీ కలిపినా రెండు బండ్ల మధ్య కొండ వల్ల వచ్చే తేడా 250 కిలోమీటర్లకు లీటరు లోపే. 13కీ 10కీ మధ్య అదే దూరానికి ఉన్న తేడా దాదాపు 6 లీటర్లు. కాబట్టి దోషం కొండది కాదు.

ఇక బరువు. చదును రోడ్డు మీద టన్నున్నర అదనపు బరువు లాగడానికి 100 కిలోమీటర్లకు 1.2 లీటర్లు చాలు. ఓనర్‌గారు అనుకున్నంత లేదు.

అసలు సంగతి గాలి. ట్యాంకులు రెండు వరసలు పేరిస్తే క్యాబిన్ పైన మీటరుకు పైగా గోడ లేస్తుంది. దానికి గుండ్రటి అంచుల్లేవు, మధ్యలో సందులు. 60లో వెళ్తే ఆ గోడని గాలిలోంచి తోయడానికే 100 కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు పోతాయి. తిరుపతి నుంచి మదనపల్లె 125 అనుకుంటే 3 లీటర్లు. 80లో వెళ్తే గాలి నిరోధం 1.78 రెట్లవుతుంది, అదే గోడకి ఐదున్నర లీటర్లు. టన్నున్నర టమాటా కన్నా ఖాళీ ట్యాంకులే ఎక్కువ డీజిల్ తాగుతాయి.

మదనపల్లె ఓనర్:
మాస్టారూ, గాలికి ఐదు లీటర్లంటే నమ్మబుద్ధి కావడం లేదు. కాగితం మీద ఏదైనా వస్తుంది.

డల్లాస్ బాబాయ్:
నమ్మండి. ఇక్కడ టెక్సాస్‌లో నా దగ్గర ఎఫ్-150 పికప్ ఉంది. ఖాళీగా హైవే మీద గ్యాలన్‌కి 20 మైళ్లు ఇస్తుంది, అంటే మన లెక్కలో లీటరుకి ఎనిమిదిన్నర. వెనక క్యాంపింగ్ ట్రైలర్ తగిలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. అదే బరువు ఇటుకలు చదును ట్రైలర్ మీద వేసి లాగితే అంత పడదు. బరువు ఒకటే, తేడా అంతా ఎత్తుగా లేచిన పెట్టెది. ఇక్కడ ట్రైలర్ లాగేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

ఇంకో విడ్డూరం. ఇక్కడ షోరూంలో ప్రతి కారుకీ మైలేజీ స్టిక్కర్ అంటిస్తారు. కానీ బండీ లోడూ కలిపి 8,500 పౌన్లు దాటే పెద్ద పికప్‌లకు ఆ స్టిక్కర్ అక్కర్లేదు. ఎక్కువ తాగేవాటికే లెక్క చెప్పే పనిలేదు!

పీలేరు ట్రాన్స్‌పోర్ట్:
బాబాయ్, అమెరికా కథలు తర్వాత. ఇక్కడ షోరూంలో ఈ రకం బండికి 17 అని చెప్పే అమ్మారు. 17 చెప్పిన బండి 12 కూడా ఇవ్వకపోతే డ్రైవర్‌ని కాక ఎవర్ని అడగాలి? పెట్రోల్‌లో ఇథనాల్ కలిపి మైలేజీ చంపేశారని కూడా అంటున్నారు.

లెక్కల మాస్టారు:
ఇథనాల్ కలిపేది పెట్రోల్‌లో. ఓనర్‌గారివి డీజిల్ బండ్లు, దాన్ని పక్కన పెట్టండి. పెట్రోల్ మినీ ట్రక్కులున్నవాళ్లకు కొంత తగ్గే మాట నిజమే, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ.

కంపెనీ అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద చక్రాలు తిప్పి తీసేది. ఏసీ ఆఫ్, ఒకే పద్ధతిలో పెంచుతూ తగ్గించే వేగం. ఈ బండికి ఆ బండికి పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. రెండు వరసల ట్యాంకులతో భాకరాపేట ఘాట్ ఎక్కి చూసి ఎవరూ ఆ అంకె రాయలేదు.

గ్రీజు చేతులు:
మెకానిక్‌ని. మాస్టారి లెక్క సరే, కానీ బండి బాగుందో లేదో చూడకుండా తీర్పు చెప్పకండి.

ముందు బ్రేకు చూడండి. బండి 30 కిలోమీటర్లు తిరిగొచ్చాక నాలుగు చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టండి, జాగ్రత్తగా. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. జాకీ ఎత్తి తిప్పితే చక్రం బిగుతుగా తిరుగుతుంది. డ్రైవర్‌కి తెలీదు, లాగుడు కొంచెం తక్కువైందనుకుంటాడు అంతే. నా షెడ్డుకి మైలేజీ కంప్లయింటుతో వచ్చే పికప్‌లలో ముందు నేను చూసేది ఇదే. తర్వాత టైర్లలో గాలి. ఎక్కువ లోడు వేస్తున్నామని వెనక కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తారు గానీ గాలి మాత్రం వారానికొకసారి కూడా చూడరు.

ఇక బీఎస్-6 బండ్లలో పొగ ఫిల్టర్. అందులో మసి చేరితే బండే అదనపు డీజిల్ కాల్చి దాన్ని శుభ్రం చేసుకుంటుంది. చెన్నై రోడ్డు మీద ఒక్క పరుగు తీసే బండికి ఆ పని నడకలో అయిపోతుంది. షాపు షాపుకీ ఆగే బండికి మధ్యలో తెగిపోతుంది, మళ్లీ మొదలెడుతుంది. రెండో బండి మీటరులో ఆ ఫిల్టర్ లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో అడగండి.

పీలేరు ట్రాన్స్‌పోర్ట్:
అవన్నీ చూసినా మా పాత డ్రైవర్లు ఇంత తాగించేవాళ్లు కాదు. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టేవాళ్లు, చుక్క డీజిల్ ఖర్చయ్యేది కాదు. ఇప్పటి పిల్లలకు ఆ పనితనం లేదు.

గ్రీజు చేతులు:
అది పనితనం కాదన్నా, చావు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే కంప్యూటరే డీజిల్ ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ పోయాలి. అంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ తాగుతుంది. పైగా బండి మొత్తం బ్రేకుల మీదే దిగాలి. డ్రమ్ములు కాలిపోయి మలుపులో బ్రేకు పట్టకపోతే మిగిల్చిన డీజిల్ ఎవరు తాగుతారు? ఇంజిన్ ఆపేస్తే ఇంకా ఘోరం. నాలుగు తొక్కులకి బ్రేకు పెడల్ రాయిలా అయిపోతుంది, స్టీరింగ్ తిప్పడం కష్టమైపోతుంది.

స్టీరింగ్ శీను:
మైలేజీ ఫిక్స్ చేసి కోత పెడితే డ్రైవర్లు చేసేది సరిగ్గా ఆ న్యూట్రలే. ఆ ముక్క ఓనర్‌గారు రాసుకోవాలి.

కోర్టు మెట్లు:
ఒక చిన్న విషయం. జీతంలో కోతకి చట్టంలో హద్దులున్నాయి. 1936 నాటి పాత వేతన చెల్లింపు చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉన్న పద్ధతి ఒకటే: నష్టం పనివాడి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, అతనికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. "12 రాలేదు కాబట్టి కోశాను" అంటే అది నిర్లక్ష్యానికి రుజువు కాదు.

మదనపల్లె ఓనర్:
చట్టం సంగతి సరే. మాస్టారి లెక్క ప్రకారమే అడుగుతాను. 60లో వెళ్తే గాలికి 3 లీటర్లు, కొండకి ఒకటి. నాకు పోతున్నది 6. మిగతా 2 లీటర్లు ఏమయ్యాయి?

లెక్కల మాస్టారు:
మంచి ప్రశ్న. టమాటా బండి ఆ బరువు ఖర్చు భరిస్తూ కూడా 13 ఇస్తోంది కాబట్టి మీకు లెక్క తేలాల్సింది ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. నిలబడి తిరిగే ఇంజిన్ గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. గోడౌన్ లైను, షాపుల దగ్గర దించడం కలిపి రెండు గంటలైతే అది ఒకటి నుంచి రెండు లీటర్లు. మిగిలింది వేగం కావచ్చు, బ్రేకు కావచ్చు, ఫిల్టరు కావచ్చు, పీలేరు అన్న చెప్పిన పైపూ కావచ్చు. నేను ఎవరినీ వెనకేసుకు రావడం లేదు. మీ బండికి జీపీఎస్ ఉంటే ముందు వేగం చూడండి. 80లో తోలుతున్నాడంటే ఒక్క గాలితోనే మీ 6 లీటర్లు దాదాపు తేలిపోతాయి, దొంగ కోసం వెతికే పనిలేదు.

మదనపల్లె ఓనర్:
జీపీఎస్ చూశాను. రోడ్డు ఖాళీగా ఉన్నచోట 75, 80 కనిపిస్తోంది. షాపులవాళ్లు మధ్యాహ్నం లోపు కావాలంటారు, నేనే ఫోన్ చేసి తొందరపెడతాను, అది వేరే సంగతి. అయితే ఒక వరస ట్యాంకులే వేసి పంపిస్తే 12 వస్తుందా?

లెక్కల మాస్టారు:
రావచ్చు. కానీ చూడండి, రెండు వరసలతో ట్రిప్పుకి 25 లీటర్లు, ఒక వరసతో 21 అనుకుందాం. మైలేజీ 10 నుంచి 12కి పెరిగింది, మీకు సంతోషం. ట్యాంకులు మాత్రం సగమే చేరాయి. ఒక్కో ట్యాంకు మీద పడే డీజిల్ దాదాపు 1.7 రెట్లు అయింది. మీకు కిరాయి వచ్చేది ట్యాంకుల మీదా, కిలోమీటర్ల మీదా? సరుకు బండికి లీటరుకి ఎన్ని కిలోమీటర్లని అడిగితే ఖాళీగా తిరిగే బండే గెలుస్తుంది. ఈ రూటుకి, ఈ లోడుకి ట్రిప్పుకెన్ని లీటర్లో కట్టండి. చెన్నై రూటుకి ఒకటి, తిరుపతి రూటుకి ఇంకొకటి.

గ్రీజు చేతులు:
దానికంటే ముందు తేలికైన పరీక్ష ఒకటుంది. రెండు వారాలు డ్రైవర్లను మార్చండి. చెన్నై అతన్ని ట్యాంకుల బండి మీద, ట్యాంకుల అతన్ని చెన్నై బండి మీద. ప్రతిసారీ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను దానంతటది ఆగేదాకా ఫుల్ ట్యాంక్. తమిళనాడులో డీజిల్ చౌక అని అక్కడ సగం, ఇక్కడ సగం కొట్టిస్తే ఆ బిల్లులతో ఏ లెక్కా తేలదు. మనిషి మారినా ట్యాంకుల బండి 10 దగ్గరే ఉంటే తప్పు మనిషిది కాదు. 12కి వస్తే అప్పుడు మాట్లాడండి.

మదనపల్లె ఓనర్:
ఇది బాగుంది. సోమవారం నుంచి మారుస్తాను. కోత ఈ రెండు వారాలు ఆపుతాను, ఎత్తేయడం లేదు.

స్టీరింగ్ శీను:
చెన్నై రూటు బత్తా తిరుపతి రూటు కన్నా ఎక్కువ. మార్చినప్పుడు చెన్నై అతనికి తగ్గే బత్తా ఎవరిస్తారు? అది ముందే తేల్చకపోతే సోమవారం పొద్దున రెండు బండ్లూ షెడ్డులోనే ఉంటాయి.