చెక్కకు మందెక్కించే చిన్న యూనిట్ల బురద: పరీక్షలో నెగ్గితే వదిలేయొచ్చా?

సరుగుడు_గుంజ
విశాఖ చుట్టుపక్కల సరుగుడు, నీలగిరి గుంజలకు సీసీఏ (పుచ్చకుండా వేసే రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ద్రావణం) మందెక్కించే చిన్న యూనిట్ల గురించి అడుగుతున్నాను. ఒత్తిడితో మందు పట్టించే సిలిండర్ అడుగున, కారిన మందు చేరే సంపు గుంతలో పోగయ్యే బురద ఏడాదికి కొన్ని బస్తాలే. వ్యర్థంలోంచి విషం ఎంత కరిగి బయటికొస్తుందో చూసే టీసీఎల్‌పీ పరీక్షలో ఆర్సెనిక్ లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపు వస్తే దాన్ని ప్రమాదకర వ్యర్థాల లెక్కలోంచి తీసేయాలని నా వాదన. అమెరికాలో ఆర్సెనిక్ మందు పట్టిన పాత చెక్కను వాడుకున్నవాడు పారేస్తే ఆ లెక్కలోకి రాదు. చెక్కకున్న వెసులుబాటు బురదకెందుకు లేదు?

ల్యాబ్_బల్ల
గుంజ గారూ, రెండూ ఒకటి కావు. చెక్కలో, నీళ్లలో కరిగే ఆరో వేలెన్సీ క్రోమియం కరగని మూడో వేలెన్సీకి దిగి, రాగినీ ఆర్సెనిక్‌నీ నారకు పట్టేస్తుంది. బురదలో ఆ పట్టు సరిగ్గా ఉండదు. చెక్కలోంచి దిగిన చక్కెరలు, మట్టి, రంపపు పొట్టు మందును విరగ్గొడితే అడుగుకు దిగేదే ఈ బురద. సందుల్లో పచ్చి మందు అలాగే ఉంటుంది.

ఇక పరీక్ష సంగతి. అందులో నమూనాకు 20 రెట్ల ఆమ్లద్రావణం పోసి 18 గంటలు తిప్పుతారు. కనక పొడి నమూనాలో మొత్తం ఆర్సెనిక్ కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకపోతే అది ఫెయిలవడం అసాధ్యం. బురదలో పొట్టు కలుపుతూ పోతే అంకె పడిపోతుంది, విషం మాత్రం గ్రాము కూడా తగ్గదు. అదే సంపులో పైపొర, అడుగుపొర వేర్వేరు ఫలితాలిస్తాయి. నమూనా ఎక్కణ్ణుంచి తీశారన్నదే తీర్పు అయిపోతుంది. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1990లో ఈ అవశేషాలనూ, కారిన మందునూ ఎఫ్035 పేరుతో నేరుగా ప్రమాదకర వ్యర్థాల జాబితాలోకి ఎక్కించింది. పరీక్ష నెగ్గినంత మాత్రాన అవి జాబితాలోంచి పోవు. మన దగ్గరా అలాగే ఉండాలంటాను.

గచ్చు_మేస్త్రి
ఇద్దరూ బురద దగ్గరే ఆగారు. నేలలోకి ఎక్కువ దిగేది కారిన మందు. ఒత్తిడి దించాక, చెక్కలో మిగిలిన అదనపు మందును లాగేసే చివరి వాక్యూమ్ పూర్తిగా పెట్టాలి. బ్యాచ్ త్వరగా తెమలాలని దాన్ని కోసేస్తే గుంజలు యార్డులో రోజుల తరబడి కారుతూనే ఉంటాయి. కారడం ఆగేదాకా అవి డ్రిప్ ప్యాడ్ (కారే మందును పట్టే గచ్చు) మీదే ఉండాలి. ఆగాక కూడా చెక్క తొలిచిన ముక్క మీద ఆరో వేలెన్సీ క్రోమియాన్ని పట్టించే క్రోమోట్రోపిక్ ఆమ్లం వేసి చూడాలి. ఊదారంగు తేలితే మందు ఇంకా పట్టలేదు, లారీ ఎక్కించకూడదు.

ప్యాడ్ అంటే మామూలు గచ్చు కాదు. సంపు వైపు వాలు, చుట్టూ గట్టు, పైన మందు ఇంకని పూత, అన్నిటికీ మించి పైకప్పు కావాలి. కప్పు లేని 200 చదరపు మీటర్ల ప్యాడ్ మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 20,000 లీటర్ల మందునీళ్లు. ఏ చిన్న సంపూ అంత పట్టదు, పొర్లి గెడ్డలోకే పోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడి రేకుల షెడ్లను ఏం చేసిందో చూశాం కదా. తుపాను హెచ్చరిక రాగానే సంపు ఖాళీ చేసి, ఆ మందును పని ట్యాంకులోకి తోడాలి. పైగా మన ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, గచ్చు పగులుతుంది. వారానికోసారి పగుళ్లు చూడాలి. అనుమతిపత్రంలో రాయాల్సినవి ఇవి.

సరుగుడు_గుంజ
ప్యాడ్ విషయంలో మేస్త్రి గారితో ఏకీభవిస్తాను. కానీ నాలుగు బస్తాల కోసం పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి బండి కట్టడం చిన్నవాడికి మోయలేని ఖర్చు. సున్నం కలిపి గడ్డకట్టించి ఆవరణలోనే పూడిస్తే తప్పేమిటి?

ల్యాబ్_బల్ల
తప్పే. సున్నానికి ఆరో వేలెన్సీ క్రోమియం దిగదు, నీళ్లలోనే ఉండిపోతుంది. ముందు ఆమ్లస్థితిలో ఫెర్రస్ సల్ఫేటుతో దాన్ని మూడుకు దించి, ఆ తర్వాతే సున్నం వేయాలి. ఇక సున్నంతో ఏర్పడే కాల్షియం ఆర్సెనేట్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కు విడిపోయి ఆర్సెనిక్‌ను మళ్లీ వదిలేస్తుంది. ఈ పని టీఎస్‌డీఎఫ్ (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి, భద్రంగా పూడ్చే కేంద్రం) వాళ్లకు వదలండి.

ఇంకో మాట. ఘనమీటరుకు 6.4 కిలోల ఆక్సైడ్ల చొప్పున మందెక్కిన చెక్కలో సుమారు 1.4 కిలోల ఆర్సెనిక్ ఉంటుంది. కోసిన ముక్కలు పొయ్యిల్లోకి పోతే కొంత పొగలో, మిగతాది బూడిదలో చేరుతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమేవాళ్లున్నారు. పచ్చగా కనబడే తుక్కు ముక్కలను కట్టెల కింద అమ్మకుండా ఆపడం అన్నిటికన్నా ముందు జరగాలి.

లెక్కల_చీటీ
ఖర్చుకు దారి మన ప్రమాదకర వ్యర్థాల 2016 నియమాల్లోనే ఉంది. నిల్వ గడువు మామూలుగా 90 రోజులు. ఏడాదికి 10 టన్నుల లోపు వ్యర్థం వచ్చేవాళ్లకు కాలుష్య నియంత్రణ మండలి దాన్ని 180 రోజులదాకా పొడిగించవచ్చు. అంటే ఏడాదికి రెండు బళ్లు చాలు. మూడు నాలుగు యూనిట్లు ఒకే బండి మాట్లాడుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. కానీ ఎవరి ఫారం 10 (రవాణా చీటీ) వాళ్లదే, ఏడు ప్రతులు. ఎవరి బస్తాల మీద ఫారం 8 లేబులు వాళ్లదే. బస్తాలు కలిపేస్తే రేపు లీకు ఎవరిదో తేలదు. రోజువారీ లెక్క ఫారం 3లో, వార్షిక నివేదిక ఫారం 4లో జూన్ 30 లోపు.

సరుగుడు_గుంజ
180 రోజుల పొడిగింపు అడగకుండానే చిన్న యూనిట్లకు వర్తించేలా చేస్తే, పరీక్ష మినహాయింపు వాదన నేను వదులుకుంటాను.

గచ్చు_మేస్త్రి
ప్యాడ్‌కు కప్పు ఉన్నవాళ్లకే ఇవ్వాలి. కప్పు లేనిచోట 180 రోజులంటే వానాకాలమంతా బస్తాలు తడుస్తాయి.