హేజెల్‌నట్: గింజా, పప్పా, పిక్కా?

గుణుపురం నుంచి ఒక అమ్మగారు నిన్న అడిగారు: "పెరట్లో హేజెల్‌నట్ మొక్క వేద్దామనుకుంటున్నాను, దాన్ని తెలుగులో ఏమనాలి?" హేజెల్‌నట్ అంటే చాక్లెట్లలో వేసే, గట్టి పెంకున్న గుండ్రటి నట్. జవాబుల్లో హేజెల్ బాదం, హేజెల్ గింజ, హేజెల్ పప్పు అని వచ్చాయి. నాకు మూడూ నచ్చలేదు. మాది పర్లాకిమిడి. ఇక్కడ ఆ మాట ఎప్పట్నుంచో ఉంది: పిక్క.

చింతపిక్క, పనసపిక్క అంటాం. పలాసలో బస్తా 80 కిలోల లెక్కన తూకం వేసేవి జీడిపిక్కలు. పెంకు కొట్టి, పొట్టు తీశాక చేతికొచ్చేది జీడిపప్పు. ఇంగ్లీషువాళ్ళు రెంటినీ నట్ అనే అంటారు. మనకు రెండు మాటలుండగా ఒకటి ఎందుకు పోగొట్టుకోవాలి?

"పిక్క అంటే మాకు కాలి పిక్కేనండీ" అని ఒకరు రాశారు. అదీ ఉంది, పిక్కబలం అనేది దాన్నుంచే. పనసపిక్క ఉడకబెట్టమంటే మా ఇళ్ళలో ఎవరూ కాలు చూసుకోరు.

కొత్త చెట్టుకు పేరు పెట్టడం మనవాళ్ళకు తెలియని పనా? చాకిరేవులో బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి ముందునుంచీ మనదే. దాని రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది. పోర్చుగీసువాళ్ళతో బ్రెజిల్ చెట్టు వచ్చింది, దాని పెంకు నూనే పొక్కించింది. జీడికి మామిడి జోడించి జీడిమామిడి అన్నారు. వృక్షశాస్త్రమూ నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడింటినీ ఒకే కుటుంబంలో పెట్టింది! గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెబుతూ, సవర భాషను సవరల దగ్గరే నేర్చుకున్నారు. మనమూ మాట కోసం ముందు సంతలో వినాలి.

ఇక మొక్క సంగతి, అమ్మా. హేజెల్‌ది టర్కీలో నల్లసముద్రం ఒడ్డు లాంటి చల్లటి చోటు. శీతాకాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలందే మొగ్గ సరిగా విచ్చదు. మగపూలు జడల్లా వేలాడతాయి, ఆడపువ్వు మొగ్గ కొసన సన్నటి ఎర్రదారాల్లా కనిపిస్తుంది. పుప్పొడిని గాలి మోస్తుంది, కానీ ఒకే రకం చెట్లుంటే కాయ పట్టదు, జత కుదిరే ఇంకో రకం దగ్గర్లో ఉండాలి. మన గుణుపురం ఎండల్లో దానిమీద ఆశ పెట్టుకోకండి. ఆ చోట జీడిమామిడి వేయండి.

పేరు మాత్రం మనకు కావాలి, కొట్లో సరుకు దొరుకుతోంది కదా. పెంకుతో ఉంటే హేజెల్ పిక్క, పెంకు తీస్తే హేజెల్ పప్పు. కాశీనగర్, బరంపురం వైపు ఇంకో మాట ఉంటే రాయండి.