కెట్‌నెట్ చూసి పెరిగిన పిల్లలు: బెల్జియంలో ఉన్న మనవాళ్లు కాస్త చెప్పండి

గెంట్_అమ్మ:
అందరికీ నమస్తే. ఈమధ్యే గెంట్ వచ్చాం. పాపని బడిలో వేశాం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కాబట్టి, రోజూ కాసేపు కెట్‌నెట్ అనే డచ్ పిల్లల టీవీ చానల్ పెట్టమని వాళ్ల టీచర్ చెప్పింది. యూట్యూబ్‌లో డచ్ కార్టూన్లు బోలెడున్నాయి కదా, మరి ప్రత్యేకంగా ఈ చానలే ఎందుకు? దీని వెనక కథేంటి? ఇక్కడ పిల్లల్ని పెంచినవాళ్లు చెప్పండి ప్లీజ్.

లూవెన్_పాతకాపు:
అమ్మా, ఈ చానల్ పుట్టినప్పుడు నేను లూవెన్‌లో రీసెర్చ్ చేస్తున్నాను, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. 1989 ఫిబ్రవరిలో వీటీఎం అనే ప్రైవేటు చానల్ వచ్చేదాకా ఫ్లాండర్స్‌కి, అంటే బెల్జియంలో డచ్ మాట్లాడే ఈ ప్రాంతానికి, సొంత టీవీ అంటే ప్రభుత్వ ప్రసార సంస్థ ఒక్కటే. వీటీఎం వచ్చాక జనం అటు మళ్లారు. ప్రభుత్వ టీవీలో మంచి పిల్లల ప్రోగ్రామ్‌లు లేక కాదు. సామ్‌సన్ అనే మాట్లాడే కుక్క 1990 నుంచే ఇంటింటి చుట్టం. కానీ పిల్లల ప్రోగ్రామ్‌లు పెద్దవాళ్ల ప్రోగ్రామ్‌ల మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉండేవి.

1997 డిసెంబర్ 1న ప్రభుత్వ సంస్థ తన రెండో చానల్‌ని రెండుగా పంచింది. పగలు పిల్లలకి కెట్‌నెట్, రాత్రి ఎనిమిది నుంచి పెద్దవాళ్లకి కాన్వాస్. ఆ తర్వాతి నెలలోనే సంస్థ పేరు కూడా వీఆర్‌టీగా మారింది. నన్నడిగితే అసలు కొత్తదనం 'ర్యాపర్ల'ది. పాటలు పాడే ర్యాపర్లు కాదు, కెట్‌నెట్ యాంకర్లని అలా అంటారు. ఒక ప్రోగ్రామ్ అయ్యి ఇంకోటి మొదలయ్యేలోపు స్టూడియోలో కుర్రవాళ్లు కనపడి, పిల్లలతో నేరుగా మాట్లాడేవాళ్లు. మా పక్కింటి అబ్బాయి కార్టూన్ కన్నా ఆ మాటలకోసమే టీవీ ముందు కూర్చునేవాడు. యూట్యూబ్‌కీ దీనికీ తేడా అదేనమ్మా, అవతల పిల్లల్ని పలకరించే మనిషి ఉంటాడు.

ఆంట్వెర్ప్_వదిన:
పెద్దాయన చెప్పింది నిజమే కానీ, నా లెక్కలో అసలు మలుపు 2012. ఆ ఏడాది మే 1న కెట్‌నెట్‌ని కాన్వాస్‌తో పంచుకునే చోటు నుంచి మార్చి, వీఆర్‌టీ మూడో చానల్‌లో పెట్టారు. పిల్లలకి పొద్దున్నించి రాత్రి ఎనిమిది దాకా ఒక ఇల్లంటూ కుదిరింది. అప్పటికే పిల్లల షోలు తీసే స్టూడియో 100 కంపెనీ వాళ్లు, వీటీఎం వాళ్లు తమ పిల్లల చానళ్లతో పోటీకి దిగారు. ఆ పోటీలో ప్రభుత్వ చానల్ వెనకబడిపోకుండా నిలబడిందంటే ఆ నిర్ణయం వల్లే.

ఇంకోటి, నవంబర్‌లో సింటర్‌క్లాస్, అంటే పిల్లలకి కానుకలు తెచ్చే తాత, పడవలో ఆంట్వెర్ప్ రావడం తప్పకుండా చూపించు తల్లీ. కెట్‌నెట్‌లో లైవ్ ఇస్తారు. ఆ సింటర్‌క్లాస్ అంటే ఇక్కడి జనానికి నటుడు యాన్ డెక్లేర్ గొంతే గుర్తొస్తుంది. 1990ల మొదట్లో ఆయన సింటర్‌క్లాస్‌గా చేసిన సీరియల్‌ని పిల్లలు ఇప్పటికీ చూస్తారు. సింటర్‌క్లాస్ పండగ, డిసెంబర్ 6, దగ్గర పడితే బడిలో ఇంకో టాపిక్ ఉండదు. తెలియకపోతే పాప ఒక్కతే బిక్కమొహం వేసుకుని కూర్చుంటుంది.

ఐండ్‌హోవెన్_నాన్న:
సరిహద్దుకి ఇవతల నుంచి ఒక మాట. నెదర్లాండ్స్ పిల్లలు చూసేది కెట్‌నెట్ కాదండీ, మా ప్రభుత్వ చానల్‌లో వచ్చే జాపెలిన్, జాప్. భాష ఒకటే అయినా యాస వేరు. చాలా కార్టూన్లకి డబ్బింగ్ కూడా ఇక్కడ ఒకటి, ఫ్లాండర్స్‌లో ఒకటి విడివిడిగా చేస్తారు. మీరు గెంట్‌లో ఉన్నారు కాబట్టి అక్కడిదే పెట్టండి. మా వాడు బంధువులింటికి లూవెన్ వెళ్తే అక్కడి పిల్లలు వాడి యాస వింతగా ఉందని రోజంతా వాడిచేత మాట్లాడించారు.

బ్రస్సెల్స్_అక్క:
కారెవీట్ గురించి ఎవరూ చెప్పలేదేంటి! అది కెట్‌నెట్‌లో పిల్లలకోసం వచ్చే వార్తలు. 2016 మార్చి 22న ఇక్కడి ఎయిర్‌పోర్ట్‌లో, మాల్‌బేక్ మెట్రోలో బాంబులు పేలినప్పుడు మా ఇంట్లో ఒకటే టెన్షన్. ఫోన్లు కలవవు, పెద్దవాళ్ల చానళ్లలో చూపించిందే చూపిస్తున్నారు. బాబు "మెట్రో ఎక్కొద్దా ఇక?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. కారెవీట్ పెట్టాం. ఏం జరిగిందో దాచకుండా, రక్తం చూపించకుండా చెప్పారు, భయం వేస్తే ఎవరితోనైనా మాట్లాడమన్నారు. మా ఆయన కూడా పక్కన కూర్చుని మొత్తం చూశారు. డచ్ నేర్పుతుందా లేదా అన్నది తర్వాత సంగతి, ఆ ఒక్క సాయంత్రానికి నేను ఆ చానల్‌కి రుణపడి ఉన్నాను.

లూవెన్_పాతకాపు:
బాగా గుర్తుచేశావమ్మా. నెదర్లాండ్స్‌లో పిల్లల వార్తలు 1981 నుంచే ఉన్నాయి. ఈ ప్రాంతంలో పిల్లలకి వార్తలు చెప్పడాన్ని మొదట్నుంచీ పెద్ద పనిగానే చూశారు.

మెహెలెన్_కుర్రోడు:
నేను ఇక్కడే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు కెట్‌నెట్‌లో చిన్నపిల్లల కోసం వచ్చే కాట్యె పాటలు, ఆ తర్వాత మెగా మిండి అనే సూపర్‌హీరో సీరియల్. ఫిబ్రవరిలో, వేధింపులకి వ్యతిరేకంగా జరిపే వారంలో కెట్‌నెట్ ఒక డాన్స్ ఇస్తే బడి మొత్తం గ్రౌండ్‌లో చేసేది. మా చెల్లి చేతి మీద బాల్‌పెన్నుతో నాలుగు చుక్కలు పెట్టుకొచ్చింది. అమ్మ దద్దుర్లనుకుని కంగారుపడి డాక్టర్‌కి ఫోన్ చేయబోయింది! అవి ఆ ప్రచారం గుర్తు. రంగు తేడా వల్ల మా చెల్లిని ఏడిపించే పిల్ల కూడా ఆ రోజు అవే చుక్కలు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చుందట. ఆ తర్వాత ఇద్దరూ దోస్తులయ్యారు.

2019లో కెట్‌నెట్‌లో లైక్‌మీ అనే పాటల సీరియల్ మొదలయ్యాక పాత ఫ్లెమిష్ (ఫ్లాండర్స్) పాటలు మళ్లీ పిల్లల నోళ్లలో పడ్డాయి. చెల్లి బర్త్‌డేకి పక్కింటి మామ్మ కూడా పిల్లలతో కలిసి పాడింది, ఆవిడకి పాటలన్నీ నోటికి వచ్చు.

గెంట్_అమ్మ:
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. పాపకి ఐదేళ్లు. దేనితో మొదలుపెట్టమంటారు? మా ఇంట్లో కేబుల్ లేదు.

ఆంట్వెర్ప్_వదిన:
కేబుల్ అక్కర్లేదు. వీఆర్‌టీ వాళ్ల ఆన్‌లైన్ సర్వీస్ వీఆర్‌టీ మ్యాక్స్‌లో అకౌంట్ తెరిస్తే చాలు, డబ్బులు కట్టే పని లేదు. కాట్యెతో మొదలుపెట్టు, కారెవీట్‌కి ఇంకా టైముంది. మొదట్లో నువ్వు కూడా పక్కన కూర్చో, పాటలు నీకూ వస్తాయి. సెలవులకి ఊరెళ్తే మాత్రం అక్కడ ఆ ప్రోగ్రామ్‌లు చాలావరకు తెరుచుకోవు, ముందే పాపకి చెప్పి తీసుకెళ్లు.