కాలువ గట్టు మీద నేర్చిన సైకిల్ కొండాపూర్‌లో పనికిరావడం లేదు

ప్రశ్న:
నేను భీమవరంలో పెరిగాను. తొమ్మిదో ఏట అద్దెకు తెచ్చిన పెద్ద సైకిల్ చట్రం లోపలినుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుని, పదో తరగతి దాకా దాని మీదే బడికి వెళ్లాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను, కాపురం కొండాపూర్‌లో, ఉద్యోగం గచ్చిబౌలిలో. మధ్య దూరం 5 కిలోమీటర్లకు అటూ ఇటూ. కారులో ఒక్కోరోజు ముప్పావు గంట పడుతుండటంతో గత నెల గేర్ల సైకిల్ కొన్నాను. తొక్కడం మరిచిపోలేదు, కానీ రోడ్డెక్కగానే చేతులు బిగుసుకుపోతున్నాయి. ఎడమ అంచునే పట్టుకుని పోతున్నా, బస్సు హారన్ వినగానే కాలు నేలకు ఆనించి ఆగిపోతున్నాను. మొన్న అలా తప్పుకోబోయి మురుగుకాలువ జాలీ సందులో ముందు చక్రం ఇరుక్కుని మోకాలు చెక్కుకుపోయింది. మా ఊళ్లో వెనుకనుంచి గంట కొడితే, కొట్టిందెవరో కూడా తెలిసేది. ఇక్కడ ఎలా అలవాటు పడాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1:
అండీ, మీ ఇబ్బందికి మూలం ఆ అంచే. జాలీలు, ఇసుక, ఆగి ఉన్న కార్ల తలుపులు అన్నీ అక్కడే ఉంటాయి. పైగా మీరు అంచుకు ఒదిగిన కొద్దీ, పక్కన చోటుందనుకుని వెనుకవాడు మిమ్మల్ని రాసుకుంటూ దూరిపోతాడు. అంచుకు సుమారు ఒక మీటరు ఇవతల, వంకరలు పోకుండా ఒకే గీతలో తొక్కండి. అప్పుడు బస్సు డ్రైవరుకు మీరు ఎటు పోతారో తెలుస్తుంది, ఆయన పక్కకు జరిగి దాటుతాడు. హారన్ మిమ్మల్ని తిట్టడం కాదు, "వస్తున్నాను" అని చెప్పడమే అనుకోండి (అన్నిసార్లూ కాదనుకోండి). కుడివైపు తిరగవలసిన పెద్ద కూడళ్ల వద్ద దిగి, పాదచారులతో కలిసి సైకిల్‌ను నడిపించుకుంటూ దాటండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఫ్లైఓవర్ ఎక్కకుండా కిందినుంచే వెళ్లండి.

జవాబు 2:
పై సలహా సరైనదే గానీ, వెనక్కి తిరిగి చూడటం రానిదే ఆ మీటరు దూరంలో నిలబడలేరు. తల తిప్పగానే హ్యాండిల్ కూడా అటే తిరగడం అందరికీ జరిగేదే. దాన్ని వదిలించుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న ప్రారంభించిన సైకిల్ ట్రాక్‌ను మించిన చోటు లేదు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వైపు మరొకటి, ప్రారంభించినప్పుడు రెండూ కలిపి 23 కిలోమీటర్లు. పైన సౌర ఫలకాల కప్పు ఉంది కనుక ఎండ బాధ తక్కువ. అక్కడ ఒంటి చేత్తో తొక్కుతూ, రెండో చేత్తో సైగ చేయడం సాధన చేయండి. అయితే ఆ ట్రాక్ మిమ్మల్ని ఆఫీసుకు చేర్చదు. అక్కడికి సైకిల్‌ను కారు వెనుక కట్టుకుని వచ్చేవారే ఎక్కువగా కనిపిస్తారు.

జవాబు 3:
నాదీ గోదావరి జిల్లానే. మన వైపు ఎత్తు అంటే కాలువ వంతెనే కనుక గేర్ల అవసరం తెలియదు. ఇది రాతిగుట్టల మీద కట్టిన ఊరు. ఎత్తు మొదలయ్యాక కాదు, దానికి ముందే, పెడల్ తేలికగా తిరుగుతున్నప్పుడే తక్కువ గేరుకు మార్చండి. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ ఊడుతుంది, అదీ సరిగ్గా వాహనాల మధ్యలో. వాన పడితే నీళ్లు నిలిచిన చోట తొక్కకండి, అడుగున గుంత ఎంత లోతో కనిపించదు. చక్రం అంచును పట్టే బ్రేకులైతే తడిలో ఆలస్యంగా పట్టుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రెండు ఆదివారాలు నార్సింగి వైపు వెళ్లి వెనక్కి చూడటం సాధన చేశాను. ఎడమ భుజం మీదుగా ఇప్పటికీ తడబడుతున్నాను గానీ, మనకు కావలసిన కుడి భుజం మీదుగా వచ్చేసింది. నిన్న బస్సు హారన్ కొట్టినా కాలు దించలేదు, అది చుట్టు తిరిగి దాటింది. కొత్తగూడ కూడలిలో మాత్రం దిగి నడిచే దాటుతున్నాను.