ఆ నలుగురు ఇంటర్న్‌లకు జీతం ఇచ్చారా, లేదా?

పుస్తకాలపురుగు:
వేసవి సెలవుల్లో న్యూయార్క్‌లోని ఒక ఫ్యాషన్ పత్రికలో చేరిన నలుగురు టీనేజ్ ఇంటర్న్‌ల కథ ఇది. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చెబుతారు. ఈ నవలకు అందరూ నాలుగేసి, ఐదేసి స్టార్లు ఇస్తున్నారు. నేను రెండే ఇస్తాను. మొదటి వంద పేజీలు ఏకబిగిన చదివించింది, కాదనను. కానీ ఎనిమిది వారాల్లో ఎవరికి ఎంత ఇచ్చారో, అసలు ఇచ్చారో లేదో ఒక్క ముక్క లేదు. ఒకమ్మాయి ఇంట్లో అద్దెకే కటకటగా ఉందని మూడో అధ్యాయంలో చెప్పారు. ఆ పిల్లే రోజుకో కొత్త డ్రెస్‌లో వస్తుంది. ఎలాగండీ?

రాత్రిదీపం:
కథలో పద్దులు వెతికితే ఎలా? జిరాక్స్ గది సీను గుర్తుందా? కాగితాలు తారుమారైతే ఆ అమ్మాయి నేల మీద పరుచుకుని, నంబర్లు చూసుకుంటూ పేర్చుకుంటుంది. ఎడిటర్ వాటి మీంచి అంగ వేసి వెళ్ళిపోతుంది. తిట్టదు, పలకరించదు. తిట్టినా బాగుండేది అనిపించింది నాకు.

ఎర్రపెన్ను:
ఆ సీను నిజం. నేను ఇంటర్న్‌గా రెండు నెలలు ఎక్సెల్ షీట్లలో అక్షరదోషాలు దిద్దాను. చివరి రోజు కూడా మా సూపర్‌వైజర్ నన్ను వేరే పేరుతోనే పిలిచారు. ఈ నవలతో నా పేచీ వేరు. నలుగురిదీ ఒకటే గొంతు. అధ్యాయం పైనున్న పేరును వేలితో మూసి చదివాను. ఐదింటిలో రెండే పోల్చుకోగలిగాను.

పుస్తకాలపురుగు:
జీతం గొడవ నా చాదస్తం అనుకోకండి. ‘బ్లాక్ స్వాన్’ సినిమాకు జీతం లేకుండా పనిచేసిన ఇంటర్న్‌లు 2011లో న్యూయార్క్‌లోనే కోర్టుకెక్కారు. 2013లో కింది కోర్టు వాళ్ళ వైపు మొగ్గింది. 2015లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, ఈ ఏర్పాటు వల్ల ఎక్కువ లాభం ఇంటర్న్‌కా, యజమానికా అన్నది చూడాలంది. ఈ కథలో ఆ పిల్ల రాసిన శీర్షికలను ఎడిటర్ తన పేరుతో వేసుకుంటుంది. నవలేమో దాన్ని పెద్ద మెప్పులా చూపిస్తుంది. లాభం ఎవరికి?

కొత్తపేజీ:
నాకు పదిహేడేళ్ళు. మీరంతా ఇంటర్న్‌షిప్‌లు అయిపోయాక చదివారు, నేను చేరబోయే ముందు చదివాను. లిఫ్ట్‌లో ఆ అమ్మాయి “ఒక్క నిమిషం టైముందా మేడమ్” అని మూడుసార్లు రిహార్సల్ వేసుకుంటుంది చూడండి, అది అచ్చం నేనే. ఫోన్ చేయాలన్నా ముందు కాగితం మీద రాసుకుంటాను. మీరన్నాక శీర్షికల సీను మళ్ళీ తీసి చదివాను. తన మాటలు వాడుకున్నందుకు ఆ అమ్మాయే థాంక్స్ చెబుతుంది! మొదటిసారి అక్కడ నాకూ సంతోషమేసింది. ఇప్పుడు అదే భయంగా ఉంది.

రాత్రిదీపం:
రచయిత కావాలనే అలా రాశారేమో. చివర్లో ఆ సంచిక ఇంటికి తెచ్చుకుని తన వాక్యాల కింద పెన్సిల్‌తో గీతలు గీస్తుంది కదా.

ఎర్రపెన్ను:
ఆ ఒక్క గీత కోసం మూడొందల పేజీలా!

పుస్తకాలపురుగు:
పెన్సిల్ సంగతి నేను గమనించలేదు, రొమాన్స్‌తో విసిగి చివరి పేజీలు తిప్పేశాను. సరే, మూడు స్టార్లు. అద్దె ఎవరు కట్టారో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.