పదో తరగతి పిల్ల ఆప్టోమెట్రీ అంటోంది: ఇప్పుడే పట్టించుకోవాలా, నీట్ అయ్యాక చూడాలా?

పటమట అమ్మ:
మా అమ్మాయి ఈ ఏడు పది. వాళ్ల స్కూల్లో కంటి పరీక్షల క్యాంపు పెట్టారు. అక్కడ ఒక మేడమ్ లెన్సులు మార్చి మార్చి పిల్లల చేత అక్షరాలు చదివించడం చూసిన దగ్గర్నుంచి "నేను ఆప్టోమెట్రీ చదువుతా" అంటోంది. చూపు పరీక్షించి పవర్ తేల్చే చదువట. మా ఆయనా, మా బావగారూ ఒకటే మాట. "బైపీసీలో వేద్దాం, నీట్ రాయనీ, రాకపోతే అప్పుడు చూద్దాం. కళ్లద్దాల షాపు పనికి ఇప్పట్నుంచే ఆలోచన ఎందుకు?" పిల్ల ఇష్టపడి అడిగినదాన్ని ఆఖరి వరసలోకి తోసేయడం నాకు నచ్చట్లేదు. అలాగని పదిహేనేళ్ల పిల్ల మాట పట్టుకుని ముందుకెళ్లాలన్నా టెన్షన్‌గానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు బైపీసీ సార్:
అమ్మా, మీవారు చెప్పిందే సరైన మాట. నేను ఇంటర్‌కి జువాలజీ చెబుతాను. ఫస్టియర్‌లో ఒకటి అనుకుని సెకండియర్‌కి ఇంకోటి అనే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఎంబీబీఎస్ వచ్చి, ఆ తర్వాత కంటి వైద్యంలో ఎంఎస్ చేస్తే ఆపరేషన్లు చేసే డాక్టరే అవుతుంది కదా. పెద్దది చేతికందే అవకాశం ఉండగా చిన్నదానితో మొదలుపెట్టడం ఎందుకు?

రెటినోస్కోప్:
సార్, చిన్నదీ పెద్దదీ అన్న దగ్గరే మీతో నాకు పేచీ. నేను విజయవాడలో ఒక కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుని. కంటి డాక్టరు జబ్బుకి వైద్యం చేస్తారు, ఆపరేషన్ చేస్తారు. షాపులో ఆప్టీషియన్ అద్దాలు కోసి ఫ్రేములో బిగిస్తారు. మా పని చూపుని కొలవడం, దిద్దడం, జబ్బు అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపడం. ఇది డాక్టరు పనిలో సగం కాదు, వేరే పని.

ఒక్కటి చెబుతాను. రెండేళ్ల పిల్ల అక్షరాలు చదవలేదు, మసగ్గా ఉందని చెప్పనూ లేదు. చీకటి గదిలో చేతిలో చిన్న లైటు పట్టుకుని ఆ కంట్లోకి వేస్తాం. కంటిపాపలో ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. లైటు కదిపినప్పుడు ఆ వెలుగు మనతో పాటే కదులుతోందా, ఎదురు కదులుతోందా చూసి ఒక్కో లెన్సూ అడ్డం పెడతాం. కదలిక ఆగిపోయి కంటిపాప మొత్తం ఒక్కసారిగా వెలిగే లెన్సు ఏదో దొరికాక, మనం కూర్చున్న దూరానికి సరిపడా లెక్క తీసేస్తే అదే పవర్. ఒక కన్ను బాగుండి రెండో కంట్లో పవర్ ఎక్కువున్న పిల్లలకి తేడా తెలియదు, మెదడు ఆ కంటిని వాడటం తగ్గించేస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే అద్దాలతోనూ, బాగున్న కంటికి ప్యాచ్ వేసీ చాలావరకు దారికి తేవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. ఈ పని చేసేవాళ్లని నీట్ రానివాళ్లలోంచే ఏరుకోవాలా?

అంకెలు కూడా చూడండి. ఏటా 20 లక్షల మందికి పైగా నీట్ రాస్తున్నారు, ఎంబీబీఎస్ సీట్లు లక్షకి పైన. రెండేళ్లు మళ్లీ నీట్ కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుని, మనసు విరిగి, "ఏదో ఒక కోర్సు" అని మా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తుంటాను. వాళ్లలో మంచివాళ్లు లేరనను. కానీ ఓడిపోయి వచ్చామన్న భావం పోవడానికే ఏడాది పడుతుంది.

బీసెంట్ రోడ్డు షాపు:
నాది కళ్లద్దాల షాపే. పిల్లకి పూలబాట చూపించకండి. మొదట్లో జీతాలు తక్కువ. చాలా షాపుల్లో డిగ్రీ ఉన్నవాళ్లని కూడా కౌంటర్లో ఫ్రేములు అమ్మమంటారు. సైటు కొలిచే మెషీన్ చీటీ ఇస్తుంది, ఆ అంకెలే అద్దాలకి ఎక్కించేస్తారు. ఆమధ్య ఒక కుర్రాడు వేరేచోట చేయించిన అద్దాలతో రోజూ తలనొప్పి అంటూ మా దగ్గరికి వచ్చాడు. చుక్కల మందు వేసి చూపించుకురమ్మని కంటి ఆసుపత్రికి పంపితే, ఉన్న సైటుకి రెట్టింపు మైనస్ ఇచ్చారని తేలింది. పిల్లలు మెషీన్లోకి చూసేటప్పుడు కంటి కండరం బిగుస్తుంది, మైనస్ ఎక్కువ చూపిస్తుంది. చదువుకున్న మనిషి ఉంటే అక్కడే ఆగేది. అలాంటి మనిషికి తగ్గ జీతం ఇచ్చే షాపులు తక్కువ, అదే నా బాధ.

రెటినోస్కోప్:
జీతం మాట నిజమే, దాచను. షాపు ఒక్కటే దారి కాదు. శుక్లం ఆపరేషన్‌కి ముందు కంట్లో పెట్టే లెన్సు పవర్ కోసం కొలతలు తీయడం, చూపు బాగా తగ్గినవాళ్లకి భూతద్దాలూ పరికరాలూ నేర్పడం, కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, ముందుకు పొడుచుకొచ్చినవాళ్లకి ప్రత్యేకమైన కాంటాక్ట్ లెన్సులు పెట్టడం, ఇవన్నీ మా పనులే. 2021లో కేంద్రం తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఆప్టోమెట్రీ కూడా ఉంది. అంతకుముందు మాకంటూ చట్టబద్ధమైన కౌన్సిలే లేదు.

మంగళగిరి నాన్న:
మావాడు ఈ కోర్సు రెండో ఏడు. నాలుగేళ్లు, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఫిజిక్స్ బాగా కావాలి, అది ముందే చెప్పండి పిల్లకి. కొన్ని కాలేజీలు ఎంపీసీ వాళ్లనీ తీసుకుంటాయి. అమెరికా ఆశతో మాత్రం చేర్పించకండి. అక్కడ ఆప్టోమెట్రీ అంటే డిగ్రీ అయ్యాక ఇంకో నాలుగేళ్ల డాక్టరేట్. మన డిగ్రీతో నేరుగా లైసెన్స్ రాదు.

గుంటూరు బైపీసీ సార్:
పనిని నేను తక్కువ చేయట్లేదండీ. క్యాంపులో ఒక్క పూట చూసి జీవితం నిర్ణయించుకోవడం గురించే నా అభ్యంతరం. ఆ మేడమ్ చక్కగా మాట్లాడి ఉంటారు, పిల్లకి నచ్చి ఉంటుంది. అది వృత్తి మీద ఇష్టమా, మనిషి మీద ఇష్టమా?

రెటినోస్కోప్:
మంచి ప్రశ్న సార్. అందుకే ఇంకా చూడనివ్వాలంటున్నాను, రెండేళ్లు వాయిదా వేస్తే దానికి జవాబు రాదు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వాళ్ల ఆసుపత్రి ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. అక్కా, పరీక్షలవగానే ఇలాంటి చోట మీరే వెళ్లి, పిల్లని ఒకట్రెండు రోజులు పక్కన కూర్చోనిస్తారా అని అడగండి. ఒప్పుకోకపోతే దగ్గర్లో ఆప్టోమెట్రిస్టు ఉన్న క్లినిక్ చూడండి. మధ్యాహ్నం ఓపీ చూడాలి తను. "ఇది బాగుందా, అది బాగుందా" అని నలభయ్యోసారి అడిగేటప్పుడు కూడా విసుగు లేకుండా అడగగలనా అన్నది అక్కడే తెలుస్తుంది. ఈలోగా పది ఫిజిక్స్‌లో మానవ నేత్రం పాఠం శ్రద్ధగా చదవమనండి. మైనస్ 2 సైటున్న కంటికి అద్దాల్లేకుండా అర మీటరు దాటితే ఎందుకు మసకో తనే లెక్కేసి చెప్పగలిగి, ఆ లెక్క తనకి సరదాగా అనిపిస్తే, నాకు మనిషి దొరికినట్టే.

పటమట అమ్మ:
ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. సెలవుల్లో చూసిరానీ అన్నారు, నీట్ ఫారం మాత్రం నింపాల్సిందే అన్నారు. బైపీసీ ఎలాగూ తీసుకుంటుంది. ఇంకొక్క సందేహం, హాస్టల్ ఉన్న నీట్ బ్యాచ్‌లో వేయాలా, మామూలు ఇంటర్‌లోనా?

గుంటూరు బైపీసీ సార్:
నీట్ రాయించాలన్న నా మాట నాదే. కానీ హాస్టల్ వద్దమ్మా. పొద్దున్నించి రాత్రిదాకా స్టడీ అవర్లే ఉంటే ఏ ఆసుపత్రికీ వెళ్లి చూసే తీరిక ఉండదు. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీలో వేయండి. ఆదివారాలు ఖాళీ ఇస్తారో లేదో ఫీజు కట్టకముందే గట్టిగా అడగండి.