1948 సెప్టెంబరు 13–17: ఆ గడికి ఏ పేరు పెట్టాలి?

గ్రంథాలయ ప్రదర్శన కోసం హైదరాబాద్ సంస్థానం మీద కాలక్రమ చార్టు తయారుచేస్తున్నాం. 1948 సెప్టెంబరు 13–17 గడి దగ్గర పని ఆగిపోయింది.

ముందు ‘పోలీసు చర్య’ అని రాశాం. కానీ కదిలింది పోలీసులు కాదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో ట్యాంకులతో భారత సైన్యం, పైన విమానాలు. యుద్ధం అంటే అవతలిది వేరే దేశమని ఒప్పుకున్నట్టే. నిజాం ఫిర్యాదు ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి చేరింది కూడా. ఇది అంతర్గత విషయమని చెప్పుకోవడానికి ఢిల్లీకి ‘పోలీసు చర్య’ అన్న మాటే పనికొచ్చింది. ‘దురాక్రమణ’ అని రాస్తే రజాకార్ల దాడులు, రైతుల సాయుధ పోరాటం మరుగున పడతాయి. ‘విమోచన’ అంటే ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా జరిగిన హత్యలు (వాటిని విచారించడానికి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ లెక్కలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది), 1951 దాకా కమ్యూనిస్టుల మీద సాగిన సైనిక చర్య కనబడవు. ‘విలీనం’ అసలు 1950 జనవరి 26 గడిలో ఉండాల్సిన మాట.

నాలుగూ పక్కపక్కన పెట్టి చూశాం. చూసినవాళ్లు మొదటిదాన్నే అసలు పేరనుకున్నారు. వరుస మార్చినా అంతే.

ఏ పక్షం మాటా వాడకుండా, జరిగిందేదీ దాచకుండా, ఆ గడిలో ఆరేడు పదాల్లో మీరైతే ఏం రాస్తారు?